పాత బోర్డుల్లో బంగారం: యాసిడ్‌తో తీయొచ్చా, తీస్తే మనకేం మిగులుతుంది?

ఈ వారం ఎపిసోడ్ వినే తీరిక లేనివాళ్ల కోసం, విన్నాక లెక్కలు మళ్లీ చూసుకోవాలి అన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఆడియోలో చెప్పినదే, కొంచెం సర్ది పెట్టాను.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక వాయిస్ మెసేజ్. గొంతు వింటే పాతికేళ్లు కూడా ఉండవు. "అన్నా, మా ఆఫీసుల పాత కంప్యూటర్లు పారేస్తున్నరు. వీడియోల ఒకాయన యాసిడ్ పోసి బంగారం తీస్తుండు. మేం రూంమేట్లం ముగ్గురం కలిసి చేద్దామనుకుంటున్నం. గా నైట్రిక్ యాసిడ్ ఏడ దొరుకుతదో జర చెప్తవా?"

రెండు రోజులు జవాబు పెట్టలేదు. ఎందుకంటే నేను షార్జాలో స్క్రాప్ యార్డులో పనిచేసే రోజుల్లో, ఇదే ప్రశ్న ఇంకో కుర్రాడు నన్ను అడిగాడు. "అన్నా, గిందుల బంగారం ఉంటదా?" అన్నాడు. "ఉంటది రా" అన్నాను. అది నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం అప్పుడు నాకూ తెలియదు. ఈసారి మొత్తం చెప్తాను.

బంగారం ఉన్న మాట నిజమేనా?

నిజమే. బంగారం తుప్పు పట్టదు, నల్లబడదు, కరెంటును బాగా పోనిస్తుంది. అందుకే రెండు భాగాలు కలుసుకునే చోట, అంటే ర్యామ్ కింది అంచున ఉండే పసుపు పళ్లు, ప్రాసెసర్ కింది పిన్నులు, సిమ్ కార్డు మీది రేకు, వీటికి బంగారు పూత వేస్తారు.

టోక్యో ఒలింపిక్స్ పతకాలు గుర్తున్నాయా? వాటి కోసం జపాన్‌లో 2017 నుంచి 2019 దాకా జనం దగ్గర పాత ఫోన్లు, చిన్న ఎలక్ట్రానిక్ సామాన్లు పోగు చేశారు. దాదాపు 79 వేల టన్నులు వచ్చాయి. అందులో మొబైల్ ఫోన్లే 62 లక్షలు. మొత్తం మీద తీసిన బంగారం 32 కిలోలు.

ఇంకో లెక్క. అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే అంకె ప్రకారం 10 లక్షల ఫోన్ల నుంచి 34 కిలోల దాకా బంగారం తీయొచ్చు. ఒక్క ఫోన్‌కి ఎంత పడింది? 0.034 గ్రాము. అంటే ఒక గ్రాము కావాలంటే 30 ఫోన్లు.

కంప్యూటర్ బోర్డులైతే టన్నుకి సుమారు 200 గ్రాములు అనుకోవచ్చు. గనుల్లో టన్ను రాయి పగలగొడితే చాలా చోట్ల కొద్ది గ్రాములే వస్తుంది. కాబట్టి "గని కంటే చెత్తలోనే బంగారం ఎక్కువ" అని వీడియోలో చెప్పేది అబద్ధం కాదు. అయితే ఆ మాటలో ఉన్నది టన్ను. మన రూంలో మంచం కింద పట్టేది ఐదు కిలోలు.

కంటికి కనిపించేది ఎంత, చేతికి వచ్చేది ఎంత?

ర్యామ్ అంచున పసుపు మెరుపు చూసి చాలామంది మోసపోతారు. అది రేకు కాదు, పూత. మంచి పూత అంటే 0.75 మైక్రాన్ మందం. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే వెంట్రుకలో దాదాపు వందో వంతు. చౌక సామానులో ఇంకా పల్చగా ఉంటుంది.

ఆ మందంతో ఒక గ్రాము బంగారం కావాలంటే సుమారు 690 చదరపు సెంటీమీటర్ల పూత కావాలి. ఏ4 కాగితం కంటే కొంచెం పెద్దది. ఒక ర్యామ్ కర్రకి రెండు పక్కలా కలిపి 240 పళ్లు ఉన్నాయనుకోండి, ఒక్కో పన్ను 2 చదరపు మిల్లీమీటర్లు అనుకున్నా మొత్తం 5 చదరపు సెంటీమీటర్లు దాటదు. అంటే ఒక గ్రాముకి దాదాపు 140 ర్యామ్‌లు. అది కూడా పూత మంచిదై, ఒక్క చుక్క పోకుండా తీస్తేనే.

అసలు యాసిడ్ చేసే పని ఏంటి?

బంగారం మామూలు యాసిడ్‌కి లొంగదు. మన ఊళ్లో అవుసలాయన బంగారమో కాదో తేల్చడానికి గీత గీసి యాసిడ్ చుక్క వేసేది అందుకే. రాగి, ఇత్తడి కరిగిపోతాయి, బంగారం అలాగే ఉంటుంది.

కానీ నైట్రిక్ యాసిడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండూ కలిస్తే బంగారం కూడా కరుగుతుంది. ఈ మిశ్రమాన్నే స్కూల్లో ద్రవరాజం అని చదివాం. విడివిడిగా చేయలేని పని కలిసి ఎలా చేస్తాయి? ఒకడు తాళం తీస్తే ఇంకొకడు సామాను ఎత్తుకెళ్లినట్టు అనుకోండి. నైట్రిక్ యాసిడ్ బంగారం నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది. ఒంటరిగా ఉంటే ఆ పని అక్కడే ఆగిపోతుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోని క్లోరైడ్ వచ్చి ఆ బంగారాన్ని చుట్టేసి నీళ్లలోకి లాక్కెళ్లిపోతుంది. ఇక తిరిగి వచ్చే దారి ఉండదు. తర్వాత వేరే మందు వేస్తే బంగారం గోధుమ రంగు పొడిగా కింద దిగుతుంది. చూడ్డానికి బురద లాగే ఉంటుంది. కరిగించి ముద్ద చేస్తేనే మెరుపు.

దీని మీద ఒక నిజమైన కథ ఉంది. 1940లో జర్మన్ సైన్యం డెన్మార్క్‌లోకి వచ్చింది. కోపెన్‌హాగన్‌లో నీల్స్ బోర్ సంస్థలో ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల నోబెల్ పతకాలు దాచి ఉన్నాయి. ఒకరు మాక్స్ ఫాన్ లావే, ఇంకొకరు జేమ్స్ ఫ్రాంక్. దొరికితే లావేకి పెద్ద ముప్పు. అక్కడ పనిచేసే జార్జ్ డి హెవెషీ ఆ రెండు పతకాలనూ ద్రవరాజంలో కరిగించి, సీసాని అరలో పెట్టేశాడు. సైనికులు వెతికారు కానీ ఆ సీసాని ఎవరూ పట్టించుకోలేదు. యుద్ధం అయిపోయాక అదే ద్రావణం నుంచి బంగారం తిరిగి తీశారు, నోబెల్ ఫౌండేషన్ మళ్లీ పతకాలు పోయించి ఇచ్చింది.

ఇది విని మా పాత రూంమేట్ ఒకాయన "చూసినవా, ఎంత ఈజీనో" అన్నాడు. ఈజీ కాదన్నా. ఆయన కరిగించింది ముద్ద బంగారం, కరిగించింది ప్రయోగశాలలో, చేసినాయన తర్వాత 1943లో రసాయనశాస్త్రానికి నోబెల్ గెలిచినాయన. మన దగ్గర ఉన్నది బోర్డు. అసలు చిక్కు అక్కడే.

ఒక గ్రాము బంగారం వెంట కిలో రాగి

బోర్డులో రాగి దాదాపు ఐదో వంతు బరువు ఉంటుంది. ఐదు కిలోల బోర్డులు తీసుకుంటే బంగారం ఒక గ్రాము, రాగి ఒక కిలో. పైగా తగరం, సీసం, ఇనుము, నికెల్. యాసిడ్ ముందు వీటి మీదే పడుతుంది. బంగారం దాకా వచ్చేసరికి దాని బలం అయిపోతుంది. రాగి ఇంకా మిగిలి ఉంటే, కరిగిన బంగారం కూడా వెళ్లి మళ్లీ ఆ రాగి మీదే అతుక్కుంటుంది. తగరం నైట్రిక్ యాసిడ్‌లో తెల్లటి గంజి లాగా మారి వడపోతని మూసేస్తుంది. వీడియోలో ఇవేవీ చూపించరు. చివర మెరిసే గుండు ఒకటే చూపిస్తారు.

కిలో రాగి కరగాలంటే గాఢ నైట్రిక్ యాసిడ్ సుమారు నాలుగు లీటర్లు తాగుతుంది. అలా కరుగుతూ 750 లీటర్ల వాయువు వదులుతుంది. ఎరుపు, గోధుమ కలిసిన రంగులో పైకి లేచే పొగ అదే. పేరు నైట్రోజన్ డయాక్సైడ్.

750 లీటర్లు అంటే ఎంతో చెప్తాను. అమెరికాలో పని చోట్లకి పెట్టిన హద్దు ప్రకారం ఈ వాయువు గాలిలో 10 లక్షల వంతుల్లో 5 వంతులు ఎప్పుడూ దాటకూడదు. మన క్యాంపు బాత్రూం రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, రెండున్నర ఎత్తు అనుకోండి. ఆ గదిలో హద్దు దాటడానికి 40 మిల్లీలీటర్ల వాయువు చాలు. చిన్న టీ గ్లాసు కూడా నిండదు. ఆ మాత్రం వాయువు రావడానికి కరగాల్సిన రాగి 0.05 గ్రాము. చిన్న వైరు ముక్క. మనం కరిగిద్దామనుకునేది కిలో.

ఆ కుర్రాడి సంగతి

నేను "ఉంటది రా" అని చెప్పిన కుర్రాడు నిజామాబాద్ వైపు వాడు. కష్టజీవి. అక్క పెళ్లికి చేసిన అప్పు తీరాలని ఓవర్‌టైం ఎప్పుడూ వదిలేవాడు కాదు. ఒక గురువారం రాత్రి, తలుపు వేసి, బాత్రూంలో ప్లాస్టిక్ డబ్బా పెట్టి మొదలుపెట్టాడు. మూతికి మామూలు దుమ్ము మాస్కు. దుమ్ము మాస్కు దుమ్మునే ఆపుతుంది తమ్ముళ్లూ, వాయువుని ఆపదు.

పొగ లేచింది. దగ్గుకుంటూ బయటికి ఉరికాడు. అరగంటలో దగ్గు తగ్గింది. టీ తాగాడు, నవ్వాడు, "ఏం కాలేదన్నా" అన్నాడు. మేమూ ఏం కాలేదనే అనుకున్నాం. పడుకున్నాం.

ఈ వాయువు మోసం ఇదే. అప్పటికి గొంతు మండి ఊరుకుంటుంది. లోపల ఊపిరితిత్తుల్లో దెబ్బ తగిలి, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, అక్కడ నీరు చేరుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి వాడు మంచం మీద కూర్చుని గాలి కోసం ఎగపోస్తున్నాడు. పెదాలు నీలంగా మారాయి. అంబులెన్స్ వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు.

వీసా మాత్రం మిగల్లేదు. అప్పు మిగిలింది. ఇప్పుడు ఊళ్లోనే కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు, మెట్లెక్కితే ఆయాసం వస్తదని ఫోన్లో చెప్తాడు. నా మీద కోపం లేదంటాడు. నాకే నా మీద ఉంది. ఆ డబ్బాలో ఎంత బంగారం ఉందో ఎవరికీ తెలియదు. మర్నాడు ఎవరో పారబోశారు.

ఇంకో రెండు తప్పుడు దారులు

"నైట్రిక్ యాసిడ్ దొరకదు, బాత్రూం కడిగే యాసిడ్‌లో బ్లీచ్ కలుపుతాం" అనేవాళ్లు ఉన్నారు. అది వేరే విషం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలింది దాన్నే. బాత్రూం కడిగేటప్పుడు కూడా ఆ రెండూ కలపకండి.

"బోర్డు కాల్చేస్తే ప్లాస్టిక్ పోయి లోహం మిగులుతుంది" అనేది రెండో దారి. బోర్డు మంట అంటుకోకుండా అందులో బ్రోమిన్ రసాయనాలు కలుపుతారు. కాలిస్తే డయాక్సిన్లు, సీసం పొగ.

ఇవి చేసిన ఊళ్లు ఎలా అయ్యాయో ప్రపంచం చూసింది. చైనాలో గ్వియు అనే పట్టణంలో ఏళ్ల తరబడి ఇళ్లలో, వాగుల పక్కన బోర్డులు కాల్చి, యాసిడ్‌లో ముంచి బంగారం తీశారు. అక్కడి పిల్లల రక్తం పరీక్షిస్తే, పక్క ఊరి పిల్లల కంటే సీసం ఎక్కువగా ఉందని 2007లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మన దేశంలో ఢిల్లీ సీలంపూర్‌లో, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో ఇదే పని ఇలాగే సాగింది. బంగారం వ్యాపారికి పోయింది. సీసం పనివాళ్ల ఇంట్లో మిగిలింది.

మరి పెద్ద కంపెనీలు ఎలా తీస్తున్నాయి?

బెల్జియంలో హోబోకెన్ అనే చోట యుమికోర్ కంపెనీ బోర్డులని పెద్ద కొలిమిలో కరిగిస్తుంది. వాళ్లకి రాగి అడ్డం కాదు. కరిగిన రాగే బంగారం, వెండి, పల్లాడియంలని తనలోకి లాక్కుంటుంది. తర్వాత ఒక్కోటి విడదీస్తారు. పొగ మొత్తం పట్టి శుభ్రం చేసే ఏర్పాటు ఉంటుంది.

బ్రిటన్‌లో నాణేలు ముద్రించే రాయల్ మింట్ 2024లో వేల్స్‌లో ఒక ఫ్యాక్టరీ తెరిచింది. కెనడా కంపెనీ ఒకటి కనిపెట్టిన ద్రావణంతో, వేడి చేయకుండానే, బోర్డుల నుంచి నిమిషాల్లో బంగారం లాగుతారు. ఏడాదికి 4,000 టన్నుల బోర్డుల దాకా పడుతుంది.

మన హైదరాబాద్ చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ కూడా పాత బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద పనిచేస్తోంది. చదువుకునే తమ్ముళ్లు ఎవరికైనా ఈ రంగం మీద ఇష్టం ఉంటే అటు చూడండి. ఇది మంచి చదువు, మంచి ఉద్యోగం. రూంలో చేసే పని మాత్రం కాదు.

డబ్బు లెక్క

సరే, ఆరోగ్యం పక్కన పెట్టి డబ్బే చూద్దాం. లెక్క కోసం గ్రాము 400 దిర్హాములు అనుకోండి. ఐదు కిలోల బోర్డులు, ముగ్గురు మనుషులు, మూడు శుక్రవారాలు. ఒక్క చుక్క పోకుండా తీస్తే 400. కొత్తవాళ్లకి అంతా రాదు, సగం వచ్చిందనుకుంటే 200. అందులో నాలుగైదు లీటర్ల యాసిడ్, గాజు సామాను, వడపోత కాగితాలు, కరిగించే గ్యాసు ఖర్చు తీసేయండి. మిగిలినది ముగ్గురు పంచుకోవాలి. ముద్ద పట్టుకుని బంగారం బజారుకి పోతే ఐడీ అడుగుతారు, ఎక్కడిది, బిల్లేది అంటారు.

ఇంకో సంగతి. యార్డువాళ్లు బోర్డు కొనేటప్పుడు ఇచ్చే ధరలో బంగారం, వెండి, పల్లాడియం, రాగి అన్నిటి వాటా ఉంటుంది. రూంలో మనం బంగారం ఒక్కటే తీసి మిగతా మూడూ మోరీలో పోస్తాం. ఆ నీళ్లలో సీసం, రాగి, యాసిడ్ ఉంటాయి. పైపులు తినేస్తాయి, బిల్డింగ్ వాచ్‌మన్ కనిపెట్టేస్తాడు.

చట్టం సంగతి కూడా వినండి. యూఏఈలో వ్యర్థాల మీద 2018లో 12వ నంబరు ఫెడరల్ చట్టం వచ్చింది. ప్రమాదకర వ్యర్థాలతో పని చేయాలంటే అనుమతి కావాలి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు 3 శాతం కంటే గాఢమైన నైట్రిక్ యాసిడ్ సొంతానికి కొనాలంటే హోం ఆఫీస్ లైసెన్స్ ఉండాలి. "బోర్డులు ఊరికి పంపి అక్కడ చేయిద్దాం" అన్నా కుదరదు. 2025 జనవరి 1 నుంచి బాసెల్ ఒప్పందం కింద, ఏ ఎలక్ట్రానిక్ చెత్త అయినా అవతలి దేశం ముందుగా ఒప్పుకోకుండా పంపకూడదు. మన దేశంలో 2022 నాటి ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం ఈ పని రిజిస్టర్ అయిన రీసైక్లర్లే చేయాలి.

అయితే ఏం చేయాలి?

చేయడానికి మంచి పని ఉంది. స్క్రాప్‌లో మనలాంటివాడికి డబ్బు వచ్చేది కరిగించడంలో కాదు, వేరు చేయడంలో. నేను ఆరేళ్లు చూసింది ఇదే.

అన్నీ కలిపి బస్తాలో వేసి అమ్మితే అన్నిటికీ ఇనుము ధర కడతారు. ర్యామ్ వేరు, ప్రాసెసర్లు వేరు, మదర్‌బోర్డులు వేరు, హార్డ్ డిస్క్ బోర్డులు వేరు పెట్టండి. పవర్ సప్లైలో ఉండే గోధుమ రంగు బోర్డులు తక్కువ రకం, వాటిని మంచి బోర్డుల్లో కలపకండి. పాత కాలపు సిరామిక్ ప్రాసెసర్లలో బంగారం ఎక్కువ, అవి కనిపిస్తే పక్కన దాచండి. అల్యూమినియం హీట్‌సింకులు, రాగి వైర్లు విడిగా తూకం వేయించండి. రెండు మూడు లైసెన్స్ ఉన్న యార్డుల్లో రేటు అడిగాకే అమ్మండి.

అన్నిటికంటే ముందు, ఆఫీసు సామాను పారేస్తున్నారు కదా అని తీసుకురాకండి. మేనేజర్ దగ్గర కాగితం మీద రాయించుకోండి, గేటు పాసు తీసుకోండి. చెత్తబుట్టలో ఉన్నా అది కంపెనీదే. దొంగతనం కేసు పడితే బంగారం కాదు కదా, టికెట్ డబ్బులు కూడా మిగలవు. ఫోన్ బ్యాటరీలు గుచ్చకండి, వంచకండి, అంటుకుంటాయి. పాత డబ్బా టీవీల గాజు పగలగొట్టకండి, అందులో సీసం ఉంటుంది.

ఇప్పటికే ఎవరైనా యాసిడ్ పొగ పీల్చి ఉంటే, "ఇప్పుడు బాగానే ఉన్నా" అని పడుకోకండి. వెంటనే ఆసుపత్రికి పోయి ఏం పీల్చారో దాచకుండా చెప్పండి. భయపడి అబద్ధం చెప్తే డాక్టర్ మామూలు దగ్గు అనుకుని పంపేస్తాడు. ఒంటి మీద యాసిడ్ పడితే ఆ బట్టలు తీసేసి, కనీసం 20 నిమిషాలు పారే నీళ్ల కింద ఉంచండి. అంబులెన్స్ నంబర్లు ఫోన్లో పెట్టుకోండి: యూఏఈ 998, సౌదీ 997, ఖతార్ 999, బహ్రెయిన్ 999, కువైట్ 112, ఒమన్ 9999.

మెసేజ్ పెట్టిన తమ్ముడికి చివరికి ఇదే జవాబు పంపాను: "తమ్మీ, బంగారం ఉంటది. కాని యాసిడ్ ఏడ దొరుకుతదో నేను చెప్పను. నీ బోర్డుల ఫొటోలు పంపు, ఏది ఏ రకమో చెప్తా." నిన్న ఫొటోలు వచ్చాయి. ముగ్గురూ కూర్చుని నాలుగు కుప్పలు చేశారు, మేనేజర్ సంతకం ఉన్న కాగితం కూడా ఫొటో తీసి పెట్టారు. ఒక కుప్పలో రెండు సిరామిక్ ప్రాసెసర్లు కనిపించాయి. వాటిని విడిగా అమ్మమని చెప్పాను.

మీ యార్డులో, మీ సైట్‌లో ఇలాంటి అనుభవాలు ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పొద్దంటే చెప్పను. జాగ్రత్తగా ఉండండి, ఇంటికి ఫోన్ చేయడం మర్చిపోకండి. ఉంటా మరి.